మట్టిరంగు బాతుతో మొదలుపెట్టండి

(విజయవాడలో డిగ్రీ విద్యార్థులు, పక్షులు చూసే మిత్రులు కలిసిన ఒక సమావేశంలో నవంబరు నెలలో చేసిన ప్రసంగం. చివర్లో సభలో అడిగిన కొన్ని ప్రశ్నలు, వాటికి జవాబులు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. ఆదివారం ఉదయం పూట ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం.

గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువులు మీలో చాలామంది చూసే ఉంటారు. కైకలూరు దగ్గర ఆటపాక కూడా కొందరు వెళ్లి ఉంటారు. అక్కడ చెట్ల మీద కూర్చున్న ఎర్రకాళ్ల కొంగని, గూడబాతుని చిన్నపిల్లలు కూడా చూడగానే చెప్పేస్తారు. గూడబాతు అంటే పెలికాన్, పేరులో బాతు ఉన్నా అది బాతుల కుటుంబం కాదు. నిజమైన బాతులు ఎక్కువగా ఆ చెట్ల మీద కాదు, నీళ్ల నడుమ ఉంటాయి. చలికాలంలో వందల కొద్దీ తేలుతూ కనిపిస్తాయి, అన్నీ ఒకే రంగులో, తల రెక్కల్లో దూర్చి నిద్రపోతూ. అవేమిటని అడిగితే వచ్చే జవాబు ఒకటే: "ఏవో బాతులండీ, సైబీరియా నుంచి వస్తాయట."

ఆ "ఏవో" అనే మాట తీసేయడమే ఈరోజు మన పని.

ముందుగా ఒక ఇబ్బంది గురించి చెప్పాలి. పక్షుల పుస్తకం తెరవండి, నెట్‌లో వెతకండి, బాతు ఫొటో అనగానే మగబాతు కనిపిస్తుంది. ఆకుపచ్చ తల, తెల్లని ఛాతీ, మెరిసే రెక్కలు. కొత్తగా చూసేవాళ్లు ఆ బొమ్మలు బాగా బట్టీ పట్టి అక్టోబరులో చెరువు గట్టు ఎక్కుతారు. అక్కడ ఆ రంగులేవీ ఉండవు. ఉన్నవన్నీ మట్టిరంగు బాతులే. నిరుత్సాహపడి గూడబాతుల ఫొటోలు తీసుకుని ఇంటికి వచ్చేస్తారు.

దీనికి కారణం ఉంది. ఉత్తరాన పిల్లలు చేసే కాలం అవుతుండగానే మగబాతులు ఈకలు మార్చుకుంటాయి. చాలా పక్షులు రెక్కల్లోని పెద్ద ఈకల్ని ఒకటొకటిగా రాల్చుకుంటాయి, అందుకే వాటి ఎగురుడు ఆగదు. బాతులు మాత్రం ఎగిరే ఈకలన్నీ ఒక్కసారే రాల్చేస్తాయి. మూడు నాలుగు వారాలు అసలు ఎగరలేవు. ఎగరలేని రోజుల్లో మెరిసే రంగులు ఒంటి మీద ఉంటే ప్రాణానికే ముప్పు. కాబట్టి మగబాతు కూడా ఆ సమయానికి ఆడబాతులా మట్టిరంగులోకి మారిపోతుంది. ఈ వేషాన్ని ఇంగ్లిష్‌లో ఎక్లిప్స్ అంటారు. కొత్త ఈకలు వచ్చి, ప్రయాణం చేసి మన దగ్గరికి చేరేసరికి కూడా చాలావాటికి ఆ మట్టిరంగు పోదు. డిసెంబరు, జనవరి వచ్చేసరికి మెల్లగా రంగులు తిరిగి వస్తాయి.

అంటే లెక్క చూడండి. మందలో ఆడవి ఎప్పుడూ మట్టిరంగే. ఆ ఏడాది పుట్టిన పిల్లలూ మట్టిరంగే. చలికాలం మొదట్లో మగవి కూడా మట్టిరంగే. రంగుల మగబాతుని మాత్రమే నేర్చుకున్నవాడికి చెరువులో ఉన్న పక్షుల్లో కొన్నే తెలుస్తాయి. మట్టిరంగు బాతుని గుర్తుపట్టడం వచ్చినవాడికి రంగుల మగబాతు ఎలాగూ తెలిసిపోతుంది. అందుకే నేను ఎవరికి నేర్పినా వెనక నుంచి మొదలుపెట్టమంటాను: ముందు ఆడబాతు, తర్వాతే మగబాతు.

ఇంకో మంచి సంగతి కూడా ఉంది. ఎక్లిప్స్‌లో ఒంటి రంగు మారుతుంది కానీ మగబాతు రెక్క మీది పట్టీల రంగు మారదు. ముక్కు ఆకారం మారదు. తల ఆకారం, మెడ పొడవు, నీటి మీద కూర్చునే తీరు, మేత మేసే తీరు, ఇవేవీ మారవు. మనం పట్టుకోవాల్సినవి ఇవే.

బాతుల్లోకి వెళ్లే ముందు బాతులు కానివి పక్కన పెడదాం, ఎందుకంటే పక్షుల లెక్కల్లో ఇవే ఎక్కువ తప్పులు తెస్తాయి. ఒళ్లంతా నల్లగా ఉండి, నుదుటి మీద తెల్లని బిళ్ల ఉంటే అది బొల్లికోడి. ఈదేటప్పుడు తల ముందుకీ వెనక్కీ ఆడిస్తుంది, ముక్కు సన్నగా మొనదేలి ఉంటుంది. గుప్పెడంత ఒళ్లు, తోక ఉందా లేదా అన్నట్టుండి, చూస్తుండగానే బుడుంగున మునిగి ఇంకెక్కడో తేలేది బుడబుంగ. ఒళ్లు దాదాపు నీళ్లలోనే ఉండి, మెడ మాత్రం నిటారుగా బయటికి కనిపిస్తే నీటికాకి. బొల్లికోడిని బాగా చూసి దాని సైజు కంటికి అలవాటు చేసుకోండి. సుమారు 40 సెంటీమీటర్ల పక్షి, ప్రతి చెరువులోనూ ఉంటుంది. దూరంగా ఉన్న బాతు ఎంతుందో మన కంటికి తెలియదు. పక్కన బొల్లికోడి ఉంటే మాత్రం దానికన్నా చిన్నదా, పెద్దదా అని వెంటనే చెప్పగలం.

ఇప్పుడు మన ఊరి బాతులు. ఇవి ఎక్కడికీ పోవు, ఏడాది పొడుగునా ఉంటాయి. అన్నిటికన్నా ఎక్కువ కనిపించేది విజిలింగ్ డక్, అంటే ఈల వేసే బాతు. ఆడా మగా ఒకేలా ఉంటాయి కాబట్టి వేషాల గొడవే లేదు. ఇటుక రంగు కలిసిన గోధుమ ఒళ్లు, కాస్త పొడవైన కాళ్లు, పొడవైన మెడ. గట్టు మీద నిలబడితే నిటారుగా నిలబడుతుంది. చెట్టు కొమ్మ మీద కూడా వాలుతుంది, చెట్టు తొర్రలో గుడ్లు పెడుతుంది. వేసవిలో మేడ మీద పడుకునే అలవాటు ఉన్నవాళ్లు దీన్ని చూడకపోయినా వినే ఉంటారు. పగలంతా చెరువులో గుంపుగా నిద్రపోయి, చీకటి పడ్డాక వరి పొలాల మీదికి మేతకి పోతుంది. పోతూ పోతూ పైనుంచి సన్నగా రెండు ముక్కల ఈల వేస్తూనే ఉంటుంది. విజయవాడ ఊరి మీద నుంచి కూడా అలా వెళ్తాయి. ఎగిరేటప్పుడు రెక్కలు వెడల్పుగా, నల్లగా కనిపిస్తాయి, తల కొంచెం కిందికి వాల్చి ఉంచుతుంది. మిగతా బాతుల్లా బాణంలా దూసుకుపోదు.

రెండోది స్పాట్‌బిల్డ్ డక్. మచ్చల ముక్కు బాతు అనుకోండి. ఇది పెద్ద బాతు, సుమారు 60 సెంటీమీటర్లు. నల్లని ముక్కు, దాని కొస పసుపు. ముక్కు మొదట్లో, నుదుటికి ఆనుకుని రెండు ఎర్రని చుక్కలు. బైనాక్యులర్‌లో ఆ పసుపు కొస ఎంత దూరం నుంచైనా కనపడుతుంది. ఒంటి మీద పొలుసులు పొలుసులుగా గోధుమ ఈకలు, నడుము దగ్గర రెక్క అంచున ఒక తెల్లని గీత, నారింజ ఎరుపు కాళ్లు. దీనిక్కూడా ఆడా మగా తేడా పెద్దగా కనపడదు. గుంపులు గుంపులుగా ఉండదు, జంటగానో, నాలుగైదు కలిసో ఉంటుంది.

మూడోది నాకు చాలా ఇష్టమైన పక్షి. కాటన్ పిగ్మీ గూస్. గూస్ అన్నారు కానీ బాతుల్లోకెల్లా బుల్లి బాతుల్లో ఇదొకటి, సుమారు 30 సెంటీమీటర్లు. తామరాకులూ కలువలూ పరుచుకున్న ఊరి చెరువు ఉంటే అక్కడ వెతకండి. తెల్లని ముఖం, పొట్టి ముక్కు. మగదానికి వీపు ముదురు ఆకుపచ్చగా మెరుస్తుంది, వానాకాలంలో జతకట్టే సమయానికి మెడలో నల్లని పట్టీ వస్తుంది. ఆడదానికి కంటి మీదుగా నల్లని గీత ఉంటుంది. ఆకుల మధ్య కదలకుండా ఉంటే పక్కనే నడిచి వెళ్లిపోయినా కనిపించదు. చెరువులో పూడిక తీసి, తామర తీగలు పీకేసి, చుట్టూ సిమెంటు గోడ కట్టి వాకింగ్ ట్రాక్ వేస్తే మొదట వెళ్లిపోయేది ఇదే. దయచేసి మీ ఊళ్లో అలాంటి చెరువు ఉంటే ఇప్పుడే వెళ్లి ఇది ఉందో లేదో చూసి రాసి పెట్టండి.

నాబ్‌బిల్డ్ డక్ అని ఇంకొకటి ఉంది. మగదాని ముక్కు మీద నల్లని బొడిపె ఉంటుంది, తెల్లని తల మీద నల్ల చుక్కలు ఉంటాయి. ఒకసారి చూస్తే మర్చిపోరు, దాని గురించి ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

ఇక వలస బాతులు. పేర్లలోకి వెళ్లకుండా ముందు ఒక పని చేయండి. గట్టు మీద కూర్చుని పది నిమిషాలు ఊరికే చూడండి. అవి మేత ఎలా తింటున్నాయి? తల నీళ్లలో ముంచి, తోక పైకెత్తి, నీటి అడుగున ఉన్నదాన్ని అందుకుంటున్నాయా? అలాగైతే అవి తలవంచి మేసే బాతులు, డాబ్లర్స్ అంటారు. లేక మొత్తానికే మునిగి కాసేపటికి తేలుతున్నాయా? అవి మునిగే బాతులు, పోచార్డులు. డాబ్లర్స్ నీటి మీద తేలిగ్గా, ఎత్తుగా కూర్చుంటాయి, తోక నీటికి తగలదు. పోచార్డులు బరువుగా, లోతుగా కూర్చుంటాయి, తోక నీటిని రాసుకుంటూ ఉంటుంది. లేచేటప్పుడు ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. డాబ్లర్స్ ఉన్నచోటి నుంచే గాల్లోకి ఎగిరిపోతాయి. పోచార్డులకి కాళ్లు బాగా వెనక్కి ఉంటాయి, ఈదడానికి మంచివే కానీ లేవడానికి నీటి మీద కొంత దూరం పరుగెత్తాల్సిందే. ఇది చూసుకుంటే రంగు ఒక్కటి కూడా తెలియకుండానే చెరువులోని బాతుల్ని రెండు భాగాలు చేసేసినట్టే.

మగవాటి రంగులు త్వరగా చెప్పేస్తాను, తెర మీద బొమ్మలు చూస్తూ ఉండండి. పిన్‌టెయిల్, మన పేపర్లలో సూదితోక బాతు అని రాస్తుంటారు: చాక్లెట్ రంగు తల, మెడ పక్క నుంచి పైకి పాకిన తెల్లని గీత, పొడవైన సన్నని తోక. షవెలర్: ముదురు ఆకుపచ్చ తల, తెల్లని ఛాతీ, ఎర్రమట్టి రంగు డొక్కలు, పసుపు కన్ను. విజియన్: ఎర్ర గోధుమ తల, నుదుటి మీద మీగడ రంగు పట్టీ. గాడ్వాల్: బూడిద రంగు ఒళ్లు, వెనక భాగం మాత్రం నల్లగా. కామన్ టీల్: ఎర్ర గోధుమ తల, కంటి చుట్టూ ఆకుపచ్చ పట్టా, తోక కింద పసుపు. గార్గనీ: కంటి పైనుంచి మెడ వెనకదాకా వంపు తిరిగిన తెల్లని కనుబొమ. మునిగే వాటిలో కామన్ పోచార్డ్‌కి ఎర్ర తల, నల్ల ఛాతీ, బూడిద రంగు వీపు. టఫ్టెడ్ డక్‌కి నల్లని ఒళ్లు, తెల్లని డొక్కలు, తల వెనక వేలాడే చిన్న పిలక. రెడ్ క్రెస్టెడ్ పోచార్డ్‌కి గుండ్రని నారింజ తల, ఎర్రని ముక్కు. కామన్ పోచార్డ్ కనిపిస్తే లెక్క జాగ్రత్తగా రాయండి, 2015 నుంచి ఐయూసీఎన్, అంటే అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ, దాన్ని ముప్పున్న జాతుల్లో పెట్టింది.

ఇప్పుడు అసలు పాఠం. మట్టిరంగు బాతు. కంటికి దొరికినప్పుడు ఒంటి రంగు చూడకండి. అన్నిటికీ అదే గోధుమ, అవే మచ్చలు. ముక్కు చూడండి.

ముక్కు పెద్దదిగా, ముందుకు పోయేకొద్దీ వెడల్పై, అట్లకాడలా ఉందా? అది షవెలర్, ఇంకేమీ చూడక్కర్లేదు. ఆ ముక్కు బరువుకి తల ఎప్పుడూ ముందుకు వాలినట్టే ఉంటుంది. ముక్కు అంచుల్లో సన్నని దువ్వెన పళ్లలాంటివి ఉంటాయి, నీటిని జల్లించి అందులోని పురుగుల్నీ గింజల్నీ పట్టుకుంటుంది. కొన్ని కలిసి గుండ్రంగా తిరుగుతూ ఒకదాని వెనక ఒకటి నీటిని కలుపుతూ మేస్తాయి. ఆ వలయం దూరం నుంచే కనపడుతుంది.

ముక్కు మామూలు సైజులో ఉండి, రెండు పక్కలా నారింజ గీత ఉందా? అది గాడ్వాల్ ఆడబాతు. నుదురు నిటారుగా లేస్తుంది. రెక్క ముడుచుకున్నా ఒక్కోసారి పక్కన చిన్న తెల్లని చతురస్రం బయటికి కనపడుతుంది. మిగతా మట్టిరంగు బాతులకు అది ఉండదు.

ముక్కు చిన్నదిగా, నీలం కలిసిన బూడిద రంగులో, కొస నల్లగా ఉందా? తల గుండ్రంగా, బొమ్మలా ఉందా? అది విజియన్. డొక్కల్లో కొంచెం తుప్పు రంగు ఉంటుంది, పొట్ట తెల్లగా ఉంటుంది. ఇది గట్టెక్కి పశువులా గడ్డి మేస్తుంది. బొల్లికోళ్ల వెనకాలే తిరుగుతూ, అవి మునిగి పైకి తెచ్చిన నాచుని లాక్కుని తినే అలవాటు కూడా ఉంది. బొల్లికోడి పక్కన అతుక్కుని ఉన్న మట్టిరంగు బాతు కనిపిస్తే విజియనో గాడ్వాలో అయ్యే అవకాశం ఎక్కువ.

ముక్కు అంతా బూడిద రంగే, ముఖం మీద గీతలేవీ లేవు, మెడ సన్నగా పొడవుగా ఉంది, తోక మొనదేలి ఉంది. అది పిన్‌టెయిల్ ఆడది. మగదాని అంత తోక ఉండదు కానీ మిగతా బాతులకన్నా పొడవే. ఒంటి తీరు చూస్తేనే తెలుస్తుంది, అన్నిటిలోకి నాజూకైన బాతు ఇదే. మెడ పొడవు కాబట్టి మిగతా డాబ్లర్స్‌కి అందనంత లోతులో మేత దీనికి అందుతుంది.

ఇక మిగిలినవి రెండు చిన్న బాతులు, గార్గనీ, కామన్ టీల్. అందరూ ఆగిపోయేది ఇక్కడే. రెండూ బొల్లికోడి సైజుకి అటూ ఇటూ ఉంటాయి, టీల్ ఇంకాస్త చిన్నది. రెండూ ఒకే మందలో కలిసి ఉంటాయి. నిద్రపోతుంటే తేడా చెప్పడం కష్టం. తల బయటికి తీసేదాకా ఓపిక పట్టండి.

తల తీశాక ముఖం చూడండి. గార్గనీ ముఖం గీతల ముఖం. కంటి పైన తెల్లని గీత, కంటి మీదుగా నల్లని గీత, దాని కింద మళ్లీ లేత గీత, బుగ్గ మీద ఇంకో ముదురు గీత. ముక్కు మొదట్లో లేత రంగు చుక్క ఒకటి స్పష్టంగా ఉంటుంది, గొంతు తెల్లగా ఉంటుంది. టీల్ ముఖం సాదా ముఖం. కంటి మీదుగా ఒక గీత తప్ప పెద్దగా ఏమీ ఉండదు. కానీ తోక మొదట్లో రెండు పక్కలా సన్నని లేత గీత ఉంటుంది, అది గార్గనీకి అంతగా కనపడదు. అంటే ముఖం కనిపిస్తే ముఖం, వెనక కనిపిస్తే తోక పక్క. రెండిట్లో ఒకటైనా దొరుకుతుంది. గార్గనీ ముక్కు కొంచెం పొడవు, పూర్తిగా బూడిద రంగు. టీల్ ముక్కు చిన్నది, దాని మొదట్లో తరచుగా పసుపు ఛాయ ఉంటుంది.

ఎగిరితే ఇంకా తేలిక. టీల్ రెక్క మీద ఆకుపచ్చ పట్టీ, దాని ముందు వెడల్పైన తెల్లని అంచు. గార్గనీ మగదానికి రెక్క ముందు భాగం అంతా లేత నీలం కలిసిన బూడిద. ఇందాక చెప్పాను కదా, ఎక్లిప్స్‌లో రెక్క రంగు మారదని. గార్గనీ మగవి చలికాలం చాలా భాగం ఆడదాని వేషంలోనే ఉండిపోతాయి, చాలావాటికి తెల్లని కనుబొమ వచ్చేసరికి ఫిబ్రవరి అవుతుంది. కాబట్టి నవంబరులో మందలో ఒక్క మగ గార్గనీ కూడా లేదనిపిస్తే కంగారు పడకండి. మంద లేచినప్పుడు రెక్కలు చూడండి, లేత రంగు రెక్కలు ఎన్ని ఉన్నాయో అన్ని మగవి. ఇంకొక ఆధారం కాలం. గార్గనీ అందరికన్నా ముందు, ఆగస్టు సెప్టెంబరుల్లోనే రావడం మొదలుపెడుతుంది. సెప్టెంబరులో చెరువులో చిన్న మట్టిరంగు వలస బాతుల గుంపు ఉంటే ముందు గార్గనీయేమో అని చూడాలి.

ఈ తేడా ఎందుకింత పట్టుబట్టి చెబుతున్నానంటే, మన లెక్కల్లో "టీల్ 400" అని ఒకే వరుసలో రాసి వదిలేసే అలవాటు చాలాచోట్ల ఉంది. అందులో గార్గనీలు ఎన్నో తర్వాత ఎవరూ తేల్చలేరు.

ఆకుపచ్చ తల గురించి ఒక్క మాట. ఫోన్లలో తిరిగే ఫొటోల్లో ఆకుపచ్చ తల కనపడగానే మల్లార్డ్ అని రాసేస్తున్నారు. మల్లార్డ్ ఉత్తర భారతంలో మామూలే కానీ మన వైపు చాలా అరుదు. ఆకుపచ్చ తలతో, తెల్లని ఛాతీతో కనిపించింది షవెలర్ అయి ఉంటుంది, ముక్కు చూడండి. లేదా అది పెంపుడు బాతు. వరి కోతలయ్యాక మన డెల్టాలో బాతుల మందల్ని తోలుకుంటూ వచ్చి పొలాల్లో మేపేవాళ్లు మీకు తెలుసు. ఆ పెంపుడు బాతుల మూలం మల్లార్డే, అందుకే మగవాటికి ఆకుపచ్చ తల, తోక మీద పైకి చుట్టుకున్న ఈకలు ఉంటాయి. మంద నుంచి తప్పిపోయినవి చెరువుల్లో అడవి బాతులతో కలిసి ఈదుతూ ఉంటాయి. బరువైన వెనక భాగం, మనిషిని చూసి బెదరకపోవడం, రంగులో అక్కడక్కడా తెల్లని మచ్చలు ఉంటే అవి మనుషుల బాతులే.

కవుల జక్కవ పిట్టల్ని కూడా మీరు చూడాలని నా కోరిక. అది రడ్డీ షెల్‌డక్. నారింజ రంగు ఒళ్లు, లేత తల, జంటగా ఉంటుంది. నీటిలో కన్నా ఒడ్డున ఇసుక మేటల మీద ఎక్కువ నిలబడుతుంది. చలికాలంలో కృష్ణ ఇసుక మేటల వైపు వెళ్తే ఒక చూపు వేయండి.

ఇప్పుడు గట్టు మీద నిలబడే పద్ధతి. వెలుతురు మన వెనక ఉండాలి. ఉదయం చెరువు తూర్పు గట్టు మీద నిలబడి పడమటికి చూడండి, సాయంత్రం పడమటి గట్టు మీద నిలబడండి. ఎండకి ఎదురుగా చూస్తే ఎంత ఖరీదైన బైనాక్యులర్ అయినా ప్రతి బాతూ నల్లగానే కనపడుతుంది, అప్పుడు ఆకారం తప్ప ఏదీ నమ్మకండి. ఎనిమిది రెట్లు పెద్దది చేసి చూపే బైనాక్యులర్ సరిపోతుంది. దగ్గరికి పోవాలని ఆత్రపడొద్దు. మీ వల్ల మంద లేచిందంటే ఆ పక్షుల విశ్రాంతి పోయినట్టే. ముఖ్యంగా మార్చిలో, తిరుగు ప్రయాణానికి కొవ్వు పోగుచేసుకునే రోజుల్లో, ఒక్కో ఎగురుడూ వాటికి ఖర్చే. ఎంత దూరం ప్రయాణమో తెలుసా? బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు భరత్‌పూర్‌లో కాళ్లకి ఉంగరాలు తొడిగి వదిలిన బాతులు కొన్ని సైబీరియాలో దొరికాయి.

కొందరు అడుగుతుంటారు, జాతి పేరు తెలిస్తే ఏమొస్తుంది, వెయ్యి బాతులున్నాయని చెబితే చాలదా అని. చాలదు. కొల్లేరు సంగతే తీసుకోండి. 1999లో 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల జాబితాలో, అంటే రామ్‌సర్ జాబితాలో చేరింది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీళ్లు అక్కడ పరుచుకుని, మోకాలి లోతు నీళ్లలో నాచూ, గడ్డీ, తామరా పెరిగేవి. తలవంచి మేసే బాతుకి కావలసింది సరిగ్గా అదే, దాని మెడ అందినంత లోతులోనే దాని అన్నం ఉంది. చేపల చెరువు తవ్వితే గట్టు లేస్తుంది, నీళ్లు లోతవుతాయి, కలుపు తీసేస్తారు. అప్పుడు చేపలు తినే గూడబాతుకీ నీటికాకికీ ఇబ్బంది లేదు, టీల్‌కీ పిన్‌టెయిల్‌కీ మాత్రం అందులో తినడానికి ఏమీ లేదు. 2006లో ఆక్రమణ చెరువుల గట్లు కొట్టేశారు, తర్వాత ఏం జరుగుతోందో మీరు పేపర్లలో చదువుతూనే ఉన్నారు. ఒక చెరువులో పక్షుల మొత్తం సంఖ్య తగ్గకుండానే గార్గనీలు పోయి నీటికాకులు పెరగవచ్చు. మొత్తం మాత్రమే రాసుకున్నవాడికి ఆ చెరువు బాగానే ఉన్నట్టు కనపడుతుంది. జాతుల వారీగా రాసినవాడికి లోతు పెరిగిందనీ, నాచు పోయిందనీ కాగితం మీదే తెలుస్తుంది. ఏటా జనవరిలో ఆసియాలో చాలా దేశాల్లో నీటి పక్షుల లెక్క జరుగుతుంది, మన ఉపఖండంలో 1987లో మొదలైంది. ఈ జనవరికి మీరు లెక్కకి వచ్చేటప్పుడు ముక్కు, ముఖం, తోక చూసి జాతి రాయగలిగేలా వస్తే, మీ కాగితానికి వచ్చే ఏళ్లలో విలువ ఉంటుంది.

ప్రశ్నలుంటే అడగండి.

ఒక విద్యార్థిని: సార్, అంత దూరం నుంచి ముక్కు కనపడకపోతే ఏం రాయాలి?

తెలిసినంతే రాయమ్మా. ఈబర్డ్ లాంటి యాప్‌లో కూడా జాతి తేల్చకుండా "బాతు" అనో, "తలవంచి మేసే బాతు" అనో నమోదు చేసే వీలుంది. ఊహించి రాసిన గార్గనీ కన్నా నిజాయితీగా రాసిన "బాతు" మంచిది. ఇంకో పద్ధతి ఉంది. మందలో దగ్గరగా ఉన్న వంద పక్షుల్ని జాగ్రత్తగా చూసి ఏ జాతి ఎన్నో రాయి. మిగతా మందని మొత్తంగా లెక్కపెట్టి, రెండూ వేరు వేరుగా రాయి, కలపకు. కలపాలో వద్దో తర్వాత లెక్కలు చూసేవాళ్లు చూసుకుంటారు.

ఒక పెద్దాయన: మా చిన్నప్పుడు కొల్లేటి వైపు నుంచి పరజలని తెచ్చి అమ్మేవారండీ. అవి ఇవేనా?

అవునండీ, చిన్న బాతుల్ని అలా పిలవడం నేనూ విన్నాను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇప్పుడు వాటిని పట్టడం, అమ్మడం నేరం. ఇప్పటికీ ఎక్కడైనా వలలు కనిపిస్తే అటవీశాఖకి చెప్పండి. మీలాంటి పెద్దవాళ్ల దగ్గర ఇంకో సాయం కావాలి. ఏ చెరువులో ఏ కాలంలో ఎలాంటివి దిగేవో మీకు గుర్తుంటుంది. ఈ పిల్లలకి బొమ్మలు చూసి చెప్పండి, వాళ్లు రాసుకుంటారు. ఆ రోజుల లెక్క కాగితం మీద ఎక్కడా లేదు.

ఒక విద్యార్థి: సార్, విజిలింగ్ డక్‌లో పెద్దది ఇంకోటి ఉంటుందంటారు, తేడా ఎలా?

ఫల్వస్ విజిలింగ్ డక్. మన దగ్గర అరుదు. కొంచెం పెద్దది, మెడ వెనక నల్లని గీత ఉంటుంది, మెడ పక్కన సన్నని చారలుంటాయి. కానీ కూర్చున్నప్పుడు తొందరపడి చెప్పకు బాబూ. ఎగిరేదాకా ఆగి తోక మొదలు చూడు. ముదురు ఇటుక రంగైతే రోజూ చూసే మన బాతే. మీగడ తెలుపైతే అది ఫల్వస్, ఫొటో, చెరువు పేరు, తేదీ మూడూ కలిపి నాకు పంపు.